ముర్తుజా అన్న గీకేసిన రంగు

మాచర్లలో ఇంట్లో పడవ ఉన్నది మాకొక్కరికే. సాగర్ రోడ్డులో మా సందు ఎక్కడని అడిగితే "పడవోళ్ల ఇల్లా?" అని చూపిస్తారు. వెనక దొడ్లో రేకుల కింద, పాత లారీ టైర్ల మీద బోర్లించి పదకొండేళ్లు అది అక్కడే ఉంది. పదిహేను అడుగుల ఫైబర్ పడవ. మోటారు ఉండదు. తెరచాప ఎత్తితే గాలికి పోతుంది. మా ఆయన వెంకటకృష్ణ సాగర్ జలాశయంలో పిల్లలకు ఇట్లాంటి పడవలు నడపటం నేర్పే చోట పనిచేశాడు. ఆ చోటు మూతపడినప్పుడు పాత సామానుతో పాటు దీన్నీ కోసి పారేస్తుంటే, ట్రాక్టరు మాట్లాడుకొని ఇంటికి తెచ్చుకున్నాడు. ఏటా వేసవిలో దానికి ఒక రంగు పూసేవాడు, ఇంటి తలుపులకు పూసినట్టు బ్రష్షుతో. మళ్లీ నీళ్లలో దింపుతానని ప్రతి ఏడూ అనేవాడు. పోయిన ఏడాది మాఘమాసంలో ఆయన పోయాడు.

మేముండేది అద్దె ఇల్లు. రంజాన్ పండగ వెళ్లిన నెలలోపు ఖాళీ చేసి, నరసరావుపేటలో మా అమ్మాయి సుప్రజ దగ్గరికి నేను వెళ్లిపోవాలని అనుకున్నాం. మరి పడవ? పాత సామాను కొనే అతను వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇది ఎవురికీ పనికిరాదమ్మా, మిషన్ పెట్టి కోయించి పారబోయిస్తా" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అప్పుడే సాగర్ దగ్గర కొత్తగా పెట్టిన పడవల స్కూల్లో నేర్పే చందన అనే అమ్మాయి ఫోన్ చేసింది. శావల్యాపురం పిల్ల. మా ఆయన పడవ సంగతి ఎవరో చెప్పారట. "ఆంటీ, పడవ గట్టిగా ఉంటే పిల్లల కోసం మేం తీసుకుంటాం. పండక్కి రెండు రోజుల ముందు వచ్చి చూస్తా. బాగలేకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దు" అంది. ఆ రోజుకు పడవ బాగైతే నీళ్లకు పోతుంది, కాకపోతే కోతకు పోతుంది.

అందుకని ముర్తుజా అన్నను పిలిచాను.

ముర్తుజా అన్నది గురజాల. వాళ్ల నాన్న అలీ సాహెబ్ ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని పోయింది. అన్న నరసరావుపేటలో లారీలకు రంగులు వేసే షెడ్డులో పని నేర్చుకొని, ముప్పై ఏళ్ల కిందట మాచర్ల వచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఇప్పుడు అరవై రెండేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోళ్ల చుట్టూ ఏదో ఒక రంగు ఉంటుంది. పండగ రోజు కూడా పోదు.

ఆయన్ను గురించి మా వీధిలో ఒక మాట చెప్పుకుంటారు. ఒకాయన గుద్దుకున్న కారును బాగుచేయించి అమ్మబోయాడు. కొనేవాడు నేరుగా షెడ్డుకే వచ్చి, ఇది ఎక్కడన్నా గుద్దిందా అని అడిగాడు. "గుద్దిందే. ముందు భాగం అంతా నేనే సాపు చేశా. బాగా చేశా, చూసుకో" అన్నాడు అన్న. బేరం చెడిపోయింది. కారాయన వచ్చి కేకలేస్తే, "నువ్వు పని చెయ్యమన్నావు, చేశా. అబద్ధం చెప్పమని నాకు చెప్పలేదుగా" అన్నాడట.

మొదటి రోజు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి, "ఎంత చెల్లెమ్మా, ఇది! బస్సు మొహాలు ఎన్ని చెయ్యలేదు నేను. అదీ ఫైబరే, ఇదీ ఫైబరే" అన్నాడు. పక్కింటి పుల్లారావు బాబాయి గోడ మీద నుంచి తొంగి చూశాడు.

"ఏందిరా ముర్తుజా, చంద్రవంక వాగు పొంగితే ఎక్కి పోదామనా?"

"పొంగనీ బాబాయ్. నిన్ను మాత్రం ఎక్కించుకోం. నీ బరువుకు ఆడనే కూర్చుంటది."

రంజాన్ నెల మొదలు కావటానికి వారం ముందు పని మొదలుపెట్టాడు. తెల్లవారకముందే వచ్చేవాడు. మా ఊళ్లో ఎండ తొమ్మిది దాటితే రంగు చిమ్మే గన్నులోంచి వచ్చి పడవను తాకేలోపే ఆరిపోయి పిండిలా రాలుతుందని చెప్పాడు. రంగును ఊడదీసే మందు ఒకటి ఉంటుంది. కార్లకు అదే పూస్తారు. అన్న దాన్ని ముందు పడవ లోపలివైపు ఒక మూల రూపాయి బిళ్లంత మేర పూసి గంట కూర్చున్నాడు. రంగుతో పాటు ఫైబర్ కూడా మెత్తబడింది. డబ్బా మూత పెట్టేసి, "ఇది దీన్ని తినేస్తది. చేత్తోనే గీకుదాం" అన్నాడు.

పదకొండేళ్ల రంగు. గీకుడుబిళ్లతో ఒక పొర, నీళ్ల కాగితంతో ఒక పొర. నీళ్ల కాగితం అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. ఆయన రుద్దుతుంటే పైన సన్నగా ధారగా నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ పని నేను చేశాను. చెంబుతో నీళ్లు పోస్తూ పడవ వెంట నడిచేదాన్ని. రంజాన్ మొదలయ్యాక ఆయన తెల్లవారుజామున తిని వచ్చేవాడు. మోచేతుల దాకా నీళ్లలోనే ఉండి, ఎండెక్కేదాకా రుద్ది, గుక్కెడు తాగకుండా వెళ్లేవాడు. నాకు చెంబు ఎత్తటానికే సిగ్గేసేది.

"పర్లేదు చెల్లెమ్మా, పొయ్యి. నీళ్లు పడవకేగా" అని నవ్వేవాడు.

ఒక్కో పొర కిందా ఇంకో రంగు వచ్చేది. "ఇదేంది, చిలకపచ్చ?" అని అడిగేవాడు. "అమ్మాయి పెళ్లి చేసిన ఏడు" అనేదాన్ని. దాని కింద నీలం, దాని కింద ఇటుక రంగు. ఇటుక రంగు ఏ ఏడాదిదో నాకు గుర్తు రాలేదు. నాకు గుర్తు వస్తుందేమో అని ఆయన చెయ్యి ఆపాడు. రాలేదు. మళ్లీ రుద్దటం మొదలుపెట్టాడు.

అడుగున, తెరచాప కొయ్యకు నేరుగా, సన్నని పగులు ఒకటి బయటపడింది. జానెడు పొడవు ఉంటుంది. అన్న దాన్ని కార్లకు పెట్టే పుట్టీతో నింపి సాపు చేశాడు. చిన్న చిన్న గుంటలన్నిటికీ అదే పుట్టీ. ఆ తర్వాత నా దగ్గర మెత్తటి పాత గుడ్డ అడిగి తీసుకొని, దాన్ని పడవ మీద పరిచి, పైనుంచి అరచేత్తో నిమురుతూ కళ్లు మూసుకొని నడిచాడు. గుడ్డ అడ్డం ఉంటే చెయ్యి జారుతుందట, ఎత్తుపల్లాలు ఇంకా బాగా తెలుస్తాయట. "ఈడ ఒక చుక్క ఉంది" అని ఆగేవాడు. నేను కళ్లు తెరిచి చూసినా నాకేమీ కనపడేది కాదు.

తెల్ల రంగు కొట్టాడు. పైన ఎర్రని సన్న గీత. పడవ అద్దంలా తయారైంది. పుల్లారావు బాబాయి గోడ దూకినంత పని చేసి వచ్చి తన మొహం అందులో చూసుకున్నాడు. "ఒరేయ్, నా మొహం కూడా బాగానే ఉందిరా ఇందులో!" అన్నాడు. చందన రావటానికి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. ఆ రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నాను.

ముర్తుజా అన్నకు ఒక అలవాటు ఉంది. ఏ బండికైనా ఒక రేకు ముక్కకు అదే రంగు అదే పద్ధతిలో కొట్టి, షెడ్డు మీద ఎండలో పడేసి ఉంచుతాడు, ఎట్లా మారుతుందో చూడటానికి. పడవ చుక్కానికి, అంటే వెనకవైపు తిప్పే పలకకు, పడవతో పాటే పుట్టీ పెట్టి రంగు కొట్టాడు. "ఎండలో సంగతి నాకు తెలుసు. నీళ్లలో ఎట్టుంటదో చూడాలి" అని ఆ పలకను వాళ్ల ఇంటికి పట్టుకెళ్లి, పెరట్లో సిమెంటు తొట్టిలో ముంచాడు.

ఏడో రోజు పొద్దున్నే వాళ్ల ఆవిడ అబిదా వదిన మా ఇంటికి వచ్చింది. ఆ వెనకే అన్న, చేతుల్లో ఆ పలకతో.

"చూడు బసవమ్మా, నీ చుక్కానికి ఆటలమ్మ పోసింది. అంట్లు తోమటానికి నీళ్లు తోడదామని పోతే ఇదీ దీని అవతారం" అంది వదిన.

తెల్లటి రంగు మీద పెసరగింజంత బుడిపెలు, పలకంతా. అన్న గోటితో ఒక బుడిపె గిల్లాడు. లోపలి నుంచి నీరు కారింది. కింద పుట్టీ తడిసిన సుద్దలా మెత్తగా ఉంది.

"తప్పు నాదే చెల్లెమ్మా" అన్నాడు. "లారీ మీద వాన పడద్ది, ఆరిపోద్ది. ముప్పై ఏళ్లు నేను చూసింది ఆ నీళ్లే. పడవకు ఆరేది ఏముంది? పొద్దస్తమానం నీళ్లలోనే కదా కూర్చునేది. ఇంత మాట నాకు తోచలా."

"ఇప్పుడేం చేద్దాం అన్నా?"

"అంతా గీకెయ్యాల. పుట్టీ మొత్తం తియ్యాల."

చందన రావటానికి అయిదు రోజులు ఉంది. నేను అప్పుడు ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను కాబట్టి రాస్తున్నాను. "ఆ అమ్మాయి వచ్చి చూసేదాకా ఉండనియ్యి అన్నా. బాగుందని తీసుకెళ్తారు. రంగు పొక్కితే తర్వాత వాళ్లే వేయించుకుంటారు. గీకేస్తే ఆ రోజుకు తయారు కాదు, కోతకే పోద్ది."

అన్న నా మీద కోప్పడలేదు. పడవ దగ్గరికి వెళ్లి అడుగున పగులు ఉన్న చోట చెయ్యి పెట్టాడు. బయటికి ఏమీ కనపడదు, అంత నున్నగా ఉంది.

"రంగు పొక్కితే ఏం కాదు చెల్లెమ్మా. ఇక్కడ పగులు ఉంది. నేను పుట్టీతో మూసినా. ఆ పుట్టీ నీళ్లు తాగి కరిగిందనుకో, నీళ్లు లోపలికొస్తయ్. అప్పుడు పడవ మధ్యలో ఉంటది. లోపల పిల్లలుంటారు" అన్నాడు.

నేను చెంబు అందుకున్నాను. వదిన అంది, "మంచిది, గీకు. పండక్కి నీకు కొత్త బట్టలు లేవు, నాకు లేవు. నువ్వు పడవకు తొడుగుతా ఉండు, విప్పుతా ఉండు."

"నీకు చీర తెస్తాలేవే."

"ఆ రంగు డబ్బాలో ముంచి తేబాక."

తన చేత్తో అద్దంలా చేసిన పనిని ఆ పొద్దున ఆయనే గీకటం మొదలుపెట్టాడు. నా పక్కన నిలబడి పుల్లారావు బాబాయి కూడా ఒక్క ఎకసెక్కం ఆడలేదు. సాయంత్రానికి పడవ చర్మం ఒలిచినట్టు, అక్కడక్కడ తెలుపు, అక్కడక్కడ బూడిద రంగుతో ఉంది. పగులు మళ్లీ బయటపడింది.

మర్నాడు అన్న షెడ్డు మూసేసి సాగర్ బస్సెక్కాడు. అక్కడ గట్టున గుడిసెలు వేసుకొని చేపలు పట్టేవాళ్లు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఫైబర్ తెప్పలు వాళ్లే బాగు చేసుకుంటారు. అన్న అక్కడికి వెళ్లి, తన కొడుకంత వయసున్న ఒకతని పక్కన నేల మీద కూర్చొని, పగులు ఎట్లా అతుకుతావో చూపించు నాయనా అని అడిగాడట. మాచర్ల చుట్టుపక్కల రంగు పని నేర్చుకున్నవాళ్లలో సగం మంది ఈయన్ను గురువు అంటారు. వాళ్లలో ఎవరన్నా ఆ రోజు చూసుంటే ఏమనుకునేవారో! ఆయనకు ఆ ధ్యాసే లేదు. తిరిగి వచ్చి నాతో ఎంత సంబరంగా చెప్పాడని!

"మూసే పని కాదంట చెల్లెమ్మా. ముందు పగుల్ని ఇంకా పెద్దది చెయ్యాలంట. అటు బెత్తెడు ఇటు బెత్తెడు పళ్లెంలాగా వాలుగా అరగదీసి, ఆ పళ్లెంలో గాజుపీచు గుడ్డ ముక్కలు చిన్నది, దాని మీద పెద్దది, దాని మీద ఇంకా పెద్దది, రెజిన్ జిగురులో తడిపి పరవాలంట. ఆరినాక అది పడవలో కలిసిపోయి ఒకటే అవుద్దంట. ఎంత తెలివైన పనో! అరవై ఏళ్లొచ్చినాయి, నాకు తెలీదు చూడు."

గాజుపీచు దుమ్ము ఒంటికి తగిలితే దురద. మొహానికి గుడ్డ కట్టుకొని, ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేస్తున్నా, ఉపవాసంతో రెండు రోజులు ఆ పని చేశాడు. చివరి పొర పరిచి, బుడగ ఒక్కటి లేకుండా బ్రష్షుతో నొక్కి, "ఇక దీన్ని ఎవరూ తాకొద్దు" అని చుట్టూ సుద్దతో గీత గీశాడు. రంగు వేసే వ్యవధి లేదు. చందన వచ్చే రోజు వచ్చేసింది.

పది గంటలకు స్కూటీ మీద వచ్చింది. జీన్స్ ప్యాంటు, ఎండకు నల్లబడిన మొహం, గట్టి మాట. పడవను చూడగానే ఆగిపోయింది.

"ఆంటీ, రెడీగా ఉంటుందన్నారు కదా?"

నేను నోరు తెరిచేలోపే ముర్తుజా అన్న ముందుకొచ్చి మొత్తం చెప్పేశాడు. కారు పుట్టీ పెట్టటం, చుక్కాని పొక్కటం, గీకెయ్యటం, పగులు ఎక్కడ ఉందో, దాన్ని ఎట్లా అతికాడో. పొక్కిన పలక కూడా తెచ్చి చూపించాడు. ఈయన దాన్నెందుకు చూపించాలి?

చందన బ్యాగులోంచి స్టీలు చెంచా తీసి, కాడతో పడవంతా తట్టుకుంటూ వెళ్లింది. చెవి దగ్గర పెట్టి వింది. అతుకు దగ్గర ఎక్కువసేపు తట్టింది.

"శబ్దం బాగానే ఉంది. కానీ అంకుల్, పిల్లల్ని ఎక్కించేది నేను. చెంచా శబ్దం నమ్మి తీసుకెళ్లలేను. నీళ్లలో వేసి చూడాలి. అందుకోసం సాగర్ దాకా మోసుకెళ్లి, కారితే మళ్లీ తెచ్చేదెవరు? ఈ నెలలో నేను మళ్లీ రాలేను కూడా."

అన్న పక్కనున్న బకెట్ వైపు చూశాడు. "పడవను నీళ్లలో ఎయ్యలేకపోతే, నీళ్లనే పడవలో పోద్దాం" అన్నాడు. చందన నవ్వేసింది. "చెయ్యొచ్చు. కానీ సన్నగా చెమ్మ దిగితే కనపడదుగా?"

అప్పుడు నాకు తోచింది. ఇంట్లోకి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను. పొడి ముగ్గు మీద చుక్క నీరు పడితే చాలు, నల్లగా మచ్చ కడుతుంది. పుల్లారావు బాబాయి, వీధిలోని మరో ముగ్గురు కలిసి పడవను వెల్లకిలా తిప్పి టైర్ల మీద పెట్టారు. నేను, అబిదా వదిన కింద కూర్చొని అడుగంతా ముగ్గుపిండి పులిమాం. పదిహేను బకెట్ల నీళ్లు లోపల పోశారు. అందరం చుట్టూ కూర్చున్నాం.

గంట గడిచింది. చందన ఫోను లైటు వేసుకొని కిందికి దూరి చూసింది. ఏమీ లేదు. "ఇంకో గంట" అంది. అన్న మాత్రం చూడలేదు. మసీదులో పిలుపు వినపడగానే నమాజుకు వెళ్లాడు. వచ్చి గోడ నీడలో కూర్చున్నాడు. పుల్లారావు బాబాయి, "ఏమిరా, నీకు భయంగా లేదా?" అని అడిగితే, "ఉంది బాబాయ్. కారితే కారనీ. ఈడ కారితే మళ్లీ గీకుతా. ఆడ కారితే ఏం గీకుతా?" అన్నాడు.

రెండో గంటకు చందన కింద నుంచి బయటికి వచ్చింది. జుట్టంతా ముగ్గుపిండి.

"ఒక్క చుక్క లేదు ఆంటీ. తీసుకెళ్తాం." తర్వాత అన్న వైపు తిరిగింది. "రంగేసి మెరిపించిన పడవలు చానా చూశా అంకుల్. కింద ఏముందో ఎవరూ చెప్పరు. దీనిది మాత్రం ప్రతి అంగుళం నాకు తెలుసు ఇప్పుడు. రంగు మేం వేయించుకుంటాంలే."

"కుదరదమ్మా" అన్నాడు అన్న. "పండగ ఎల్లినాక పది రోజులియ్యి. నీళ్లకు పనికొచ్చే రంగు ఏదో నువ్వు చెప్పు, తెప్పిస్తా. రంగు లేకుండా ఇది నా చేతిలోంచి పోదు."

అబిదా వదిన నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

పండగ మర్నాడే మళ్లీ నీళ్ల కాగితం పట్టాడు. ఈసారి కారు పుట్టీ లేదు. చందన చెప్పిన రంగు హైదరాబాదు నుంచి తెప్పించాడు. రెండు డబ్బాలు కలిపి వేసే రకం. కలిపిన గంటలోపు వెయ్యాలి, లేకపోతే డబ్బాలోనే బిగుసుకుపోతుంది. మొదట చిన్న రేకు మీద, తర్వాత చుక్కాని మీద వేసి, వారం రోజులు తొట్టిలో ఉంచి, అది చెక్కు చెదరకుండా ఉందని చూసుకున్నాకే పడవ మీద వేశాడు. మునుపటంత మెరుపు రాలేదు. ఆయనే చెప్పాడు, "అప్పటిది మెరిసింది. ఇది నిలుస్తది" అని.

పడవ సాగర్‌కు వెళ్లిన రోజు మేమంతా ట్రాక్టరు వెనకే ఆటోలో వెళ్లాం. స్కూలు పిల్లలు ముగ్గురు నారింజ రంగు జాకెట్లు వేసుకొని ఎక్కి కూర్చున్నారు. తెరచాప కొత్తది. ముర్తుజా అన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టుకొని నిలబడ్డాడు. పడవ లోపల అడుగు వైపే చూస్తున్నాడు. పొడిగా ఉంది. అయినా వదల్లేదు. గాలి వచ్చింది, తెరచాప నిండింది, పడవ ముందుకు గుంజింది. ఆయన దాంతో పాటు ఇంకో రెండడుగులు లోపలికి నడిచాడు.

"అంకుల్, వదలండి ఇక" అంది చందన.

వదిలాడు.